శవం లేచి నడిస్తే ఒప్పుకుంటాం, మరి ఆ తర్వాత సంగతేంటి? జాంబీ, రాక్షస సినిమాల్లో మింగుడుపడని సీన్లు

కరకట్ట కుర్రోడు | విజయవాడ

వారాంతం మొత్తం ఒక జాంబీ సిరీస్‌కి బలైపోయింది. అందులో ప్రపంచం అంతమైపోయి నాలుగేళ్లయింది. హీరో ఒక పాడుబడ్డ ఇంట్లో దూరి, షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయిన బైకు బయటికి లాగి ఒక్క కిక్కు కొట్టాడు. స్టార్ట్! మా ఇంట్లో స్కూటర్ సంక్రాంతికి ఊరెళ్లొచ్చేసరికే మొరాయిస్తుంది.

ఈ థ్రెడ్‌లో ఒకటే షరతు. శవాలు లేస్తాయా, అంత పెద్ద బల్లి ఉంటుందా అని మొదలెట్టొద్దు. అవి ఒప్పుకునే కదా టికెట్ కొంటాం. ఒప్పుకున్నాక కూడా "ఇదేం చోద్యం రా బాబూ" అనిపించేవి రాయండి. మీ ఉద్యోగంలో మీకు బాగా తెలిసిన విషయమైతే మరీ మంచిది.

బంకు బాబాయ్ | గుంటూరు

తమ్ముడూ, పెట్రోల్ బంకులో పనిచేసేవాణ్ణి కాబట్టి మొదటి వాటా నాది. పెట్రోల్ ఏళ్ల తరబడి దాచుకునే సరుకు కాదు. తేలిగ్గా ఆవిరయ్యే భాగం ముందు ఎగిరిపోతుంది, మిగిలింది గాలి తగిలి జిగురు కడుతుంది. డబ్బాకి మూత గట్టిగా బిగించినా ఆర్నెల్లు దాటితే నమ్మకం లేదు. పైగా ఇప్పుడు మనకొచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన సరుకు. ఇథనాల్‌కి నీళ్లంటే ప్రాణం. భూమిలో ఉన్న ట్యాంకులోకి వాన నీరు దిగిందంటే, అది పెట్రోల్‌ని వదిలేసి నీళ్లతో కలిసి అడుక్కి చేరుతుంది. అందుకే డిప్ రాడ్ చివర నీళ్లు పట్టిచ్చే పేస్టు రాసి ట్యాంకులోకి దించి చూస్తుంటాం. నీరు తగిలినంత మేరా పేస్టు రంగు మారుతుంది. జాంబీల రాజ్యంలో ఈ పని ఎవడు చేస్తాడు? రెండు వానాకాలాలు గడిచాక ఆ ట్యాంకులోది బండిలో పోస్తే బండి దగ్గి ఊరుకుంటుంది. అసలు పొయ్యడానికి కూడా కరెంటు లేకపోతే పంపు తిరగదు.

డీజిల్ కొంచెం నయం. ఏడాది దాకా లాగొచ్చు. బ్యాటరీ మాత్రం రెండు మూడు నెలలు కదపకపోతే చచ్చూరుకుంటుంది.

నాకు అర్థం కానిది ఒకటే. ఒక్క హీరో కూడా సైకిలెక్కడేంటి? చప్పుడు లేదు, ఇంధనం అక్కర్లేదు, సందుల్లో దూరుతుంది.

పటమట పిల్ల | విజయవాడ

సైకిలెక్కితే జుట్టు చెదురుతుంది బాబాయ్. ప్రపంచం అంతమైనా ఐబ్రోస్ అంతం కాకూడదు.

ఐసీయూ సిస్టర్ | విజయవాడ

నాకు ఒళ్లు మండేది ఆసుపత్రి సీను. హీరో కోమాలో ఉంటాడు. కళ్లు తెరిచేసరికి వార్డు ఖాళీ, పువ్వులు ఎండిపోయి ఉంటాయి, అంటే వారాలు గడిచాయన్నమాట. లేచి, చేతికున్న సూది పీకేసి నడుచుకుంటూ వెళ్లిపోతాడు.

అరలీటరు సెలైన్ మామూలు వేగంలో పెడితే అయిదారు గంటలు వస్తుంది. ఆ తర్వాత ఎవరూ మార్చకపోతే? నీళ్లు లోపలికి పోని మనిషి మూడు నాలుగు రోజులు దాటడమే కష్టం. మేం రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెడితేనే కొందరికి వీపు పుండ్లు పడతాయి. నెల రోజులు మంచం మీదున్నవాడికి కండ కరిగిపోయి, లేచి కూర్చోగానే కళ్లు తిరిగి పడిపోతాడు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి పట్టుకుంటే గానీ నాలుగడుగులు వెయ్యలేడు. ఈయన మాత్రం మెట్లు దిగి గొడ్డలి పట్టుకుంటాడు.

ఇంకో మాట చెప్పొచ్చో లేదో గానీ చెప్తా. యూరిన్ పైపు సంగతి ఏ సినిమావాడూ ఎత్తడు. అది జారిపోకుండా లోపల నీళ్లతో ఉబ్బించిన చిన్న బెలూన్ ఉంటుంది. సిరంజితో ఆ నీళ్లు తియ్యకుండా పైపు లాగితే, హీరో పెట్టే కేకకి ఊళ్లో ఉన్న జాంబీలన్నీ అక్కడికే వస్తాయి.

కరకట్ట కుర్రోడు

సిస్టర్, చదువుతుంటేనే కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాను.

పీజీ రెండో ఏడాది | గుంటూరు

ఫోరెన్సిక్ చదువుతున్నా, నేనూ ఒకటి వేసుకుంటా. శవం లేస్తుందని ఒప్పుకున్నాం సరే. ఎక్కడ లేస్తుంది, ఎప్పుడు లేస్తుంది? మే నెలలో మన దగ్గర లేస్తే పాపం దానికే కష్టం.

ప్రాణం పోయిన రెండు నుంచి నాలుగు గంటల్లో దవడ, మెడ బిగుసుకోవడం మొదలై, పన్నెండు గంటలకల్లా ఒళ్లంతా కట్టెలా అవుతుంది. ఎండాకాలంలో ఇంకా తొందరగా. ఆ బిగువు వదిలేది కుళ్లు మొదలయ్యాకే. తర్వాత పొట్ట ఉబ్బుతుంది, చర్మం పొరలు పొరలుగా ఊడివస్తుంది. ఈగలు కాసేపట్లోనే కళ్లలో, ముక్కులో, గాయాల్లో గుడ్లు పెట్టేస్తాయి, రోజు తిరక్కుండానే పురుగులు. కనుపాప మీద తేమ ఆరి పొర కమ్ముతుంది కాబట్టి దానికి మీరు కనపడే ప్రసక్తే లేదు. మన వేడిలో, బయట పడి ఉన్న శవం రెండు మూడు వారాల్లో ఎముకలగూడు కావచ్చు.

అందుకే "నాలుగేళ్ల తర్వాత" అని తెర మీద పడగానే నవ్వొస్తుంది. ఇంట్లో బియ్యం బస్తా, నీళ్ల డ్రమ్ము పెట్టుకుని నెల రోజులు తలుపేసుకుంటే చాలు. ఎండలకి పేరుపడ్డ రెంటచింతలలో అయితే అంత కూడా అక్కర్లేదు.

గుంటూరు మావ | బ్రాడీపేట

కుక్కల్ని మరిచిపోయారు డాక్టరుగారూ. రాత్రి పదకొండు దాటాక మా లైన్లో బతికున్న మనిషినే ప్రశాంతంగా నడవనివ్వవు. వాసనొచ్చే మాంసం, నిదానంగా నడుస్తూ, రాయి పట్టుకోవడం కూడా రానిది ఎదురైతే ఊరుకుంటాయా? వాటి తర్వాత పందులు. ఆ తర్వాత కాకులు. సినిమాల్లో వీధంతా శవాలు తిరుగుతుంటాయి, పైన ఒక్క కాకి ఉండదు. రాబందులు ఉన్న రోజులైతే ఇంకా తేలిగ్గా తేలిపోయేది. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ నొప్పి మందు వాటి మూత్రపిండాలు పాడుచేసి జాతినే ఊడ్చేసింది. 2006లో నిషేధించారు గానీ అప్పటికే జరగాల్సింది జరిగింది.

మాజీ హవల్దార్ | తెనాలి రోడ్డు

తుపాకుల మీద రెండు ముక్కలు. మేం వాడిన రైఫిల్ ఇన్సాస్‌కి మ్యాగజైన్‌లో 20 తూటాలు. మూడేసి చొప్పున పేల్చే బర్స్ట్‌లో పెడితే ఏడుసార్లు నొక్కేసరికి ఖాళీ. సినిమాలో హీరో అర నిమిషం ఆపకుండా కొడతాడు, మార్చడు. పోనీ అదీ ఒప్పుకుందాం. నాలుగు గోడల మధ్య ఒక్క గుండు పేలిస్తే చెవులు గింగుర్లెత్తి పక్కవాడి మాట వినపడదు. వీళ్లు కాల్పులు ఆపగానే గుసగుసలాడుకుంటారు!

అంతకంటే బాధ కలిగించేది సైన్యాన్ని చూపించే తీరు. ఎదుటివాడికి ఆయుధం లేదు, బుర్ర లేదు, పరుగు రాదు, నక్కి దాడి చెయ్యడం తెలీదు. అలాంటివాడి చేతిలో బెటాలియన్లకి బెటాలియన్లు వారంలో తుడిచిపెట్టుకుపోతాయి. ఇంజనీర్ రెజిమెంట్‌ వాళ్లని పిలిచి నిలువెత్తు కందకం తవ్విస్తే సగం యుద్ధం అయిపోతుంది. తవ్వడం సినిమాటిక్‌గా ఉండదు, అదీ సంగతి.

ఇక మన ఊళ్లలో అయితే ఇంటింటికీ తుపాకీ ఎక్కడిది? 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ కావాలి, 2019 సవరణ తర్వాత మనిషికి రెండే. గడ్డపార, కొడవలి తప్ప దిక్కులేదు.

క్యూలైన్ వాలంటీర్ | వన్‌టౌన్

హవల్దార్ గారూ, కందకం కూడా వద్దు. దసరాల్లో మూలా నక్షత్రం రోజు కెనాల్ రోడ్డు వినాయకుడి గుడి దగ్గర నుంచి దుర్గమ్మ కొండ మీదికి క్యూలైన్ కట్టిన వాళ్లని పిలవండి. బారికేడ్లు వంకర్లు వంకర్లుగా వేసి, కంపార్ట్‌మెంట్లుగా విడగొట్టి, ఒకటి నిండాకే ఇంకోటి వదిలితే లక్షల మంది బుద్ధిగా కదులుతారు. బుద్ధి లేని జాంబీలైతే ఇంకా తేలిక, వాటికి వీఐపీ పాసులుండవు, ఎవరితోనూ ఫోన్ చేయించవు.

నిజానికి జనం ఎక్కువైతే భయపడాల్సింది తోపులాటకి. చదరపు మీటరుకి ఆరేడుగురు దాటితే మనిషి కదలిక మనిషి చేతిలో ఉండదు, గుంపు ఎటు తోస్తే అటే. గోడెక్కే జాంబీల గుట్ట చూపిస్తారే, అందులో అడుగున ఉన్నవి మెత్తగా నలిగిపోవాలి. పైవాటికి కాలూనడానికి ఏముంటుంది?

రీలు పిచ్చోడు | విజయవాడ

అందరూ బాగానే ఏకుతున్నారు గానీ అసలు విషయం వదిలేస్తున్నారు. జాంబీ సినిమా ఎప్పుడూ జాంబీల గురించి కాదు. 1968లో జార్జ్ రొమేరో తీసిన నలుపు తెలుపు సినిమాలో ఊళ్లో శవాలకంటే ఇంట్లో చిక్కుకున్న మనుషుల గొడవే పెద్దది. పదేళ్ల తర్వాత ఆయనే కథని షాపింగ్ మాల్లో పెట్టాడు, ఎందుకో చెప్పక్కర్లేదు కదా. 2002లో డానీ బాయిల్ సినిమాలో ఉన్నవి శవాలే కావు, జబ్బు సోకిన బతికున్న మనుషులు. ఆకలికి చచ్చిపోతారు కూడా. అంటే పీజీ గారి ఈగల లెక్క అక్కడ పనిచెయ్యదు. పెట్రోల్ ఎంతకాలం నిలవుంటుందని సినిమాకెళ్లేవాళ్లు పెట్రోల్ బంకుకే వెళ్లొచ్చు.

బంకు బాబాయ్

వెళ్లేది మేమే తమ్ముడూ, రోజూ.

కరకట్ట కుర్రోడు

రీలు బ్రదర్, మనుషుల గొడవే అసలు కథ అంటే ఒప్పుకుంటా. అప్పుడు మనుషులైనా మనుషుల్లా ఉండాలి కదా? చుట్టూ చీకటి, అరుపులు, ఉన్నది అయిదుగురు. వెంటనే ఒకడు "విడిపోయి వెతుకుదాం" అంటాడు. మేం తిరునాళ్లలో కూడా విడిపోం.

ఫిజిక్స్ మాస్టారు | గుంటూరు

షరతు తెలుసు, అయినా ఈ ఒక్కటీ చెప్పకుండా ఉండలేను. మా పిల్లలకి ఏటా ఈ లెక్క వేయిస్తా. 70 కిలోల మనిషిని అదే ఆకారంలో 50 రెట్లు పెంచండి. ఎత్తు దాదాపు 85 మీటర్లు. బరువు 50 ఘనం, అంటే 1,25,000 రెట్లు, 8,750 టన్నులు. కాలి ఎముక అడ్డుకోత మాత్రం 50 వర్గమే, 2,500 రెట్లు. అంటే ఎముక మీద ఒత్తిడి 50 రెట్లు పెరిగింది. మొదటి అడుగులోనే తొడ ఎముక ఫట్. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ తొక్కేదాకా రానే రాడు.

గెలీలియో 1638లోనే ఈ మాట రాశాడు, పెద్ద జంతువుకి ఎముక లావు కూడా ఎందుకు మారాలో బొమ్మ వేసి మరీ. 1926లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త హాల్డేన్ దీని మీదే చక్కటి వ్యాసం రాశాడు. ఆయన తర్వాత మన దేశానికొచ్చి ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

కొండంత చీమలదీ ఇదే గోల. పురుగులకి ఊపిరితిత్తులు లేవు, ఒంట్లో సన్నటి గొట్టాల గుండా గాలి ఆడాలి. 30 కోట్ల ఏళ్ల కిందట గాల్లో ఆక్సిజన్ ఇప్పటికంటే బాగా ఎక్కువున్నప్పుడే తూనీగలాంటి పురుగు రెక్కల బార 70 సెంటీమీటర్ల దగ్గర ఆగింది.

కరకట్ట కుర్రోడు

మాస్టారూ, షరతు ఉల్లంఘన. గుంజిళ్లు తియ్యాలి.

దివిసీమోడు | అవనిగడ్డ, ప్రస్తుతం విజయవాడ

పాము సినిమాల మాటెత్తండి ఎవరైనా. మా పొలాల్లో పాము తెలియని ఇల్లు లేదు. సినిమా పాము గర్జిస్తుంది! పాముకి గొంతు తంత్రులే లేవు, బుస తప్ప ఏం రాదు. రక్తపింజర బుస మాత్రం కుక్కర్ ఆవిరి వదిలినట్టు వినిపిస్తుంది, అది విన్నవాడికి వేరే సౌండ్ ఎఫెక్ట్ అక్కర్లేదు.

రెండోది తిండి. పెద్ద కొండచిలువ ఒక్క జంతువుని మింగితే వారాల తరబడి కదలకుండా అరిగించుకుంటుంది. సినిమాలో అనకొండ పది నిమిషాలకి ఒకర్ని మింగుతూ పడవ వెంట పడుతుంది. అదేమన్నా పెళ్లి భోజనమా, వరస తప్పకుండా తినడానికి?

నిజంగా పెద్దది కావాలంటే 2024లో ఐఐటీ రూర్కీ వాళ్లు ప్రకటించిన వాసుకి ఉంది. కచ్‌లో పానంధ్రో లిగ్నైట్ గనిలో దొరికిన వెన్నుపూసల్ని బట్టి 11 నుంచి 15 మీటర్లు ఉండొచ్చని అంచనా. 4.7 కోట్ల ఏళ్ల నాటిది. అదీ వెంటాడే రకం కాదట, నిదానంగా కదిలి, మాటువేసి పట్టేది.

లాం ఫారం | గుంటూరు

వ్యవసాయ శాఖలో చేస్తా. బూజు సోకి మనుషులు జాంబీలయ్యే కథలు ఈమధ్య ఎక్కువయ్యాయి. చీమల్ని పట్టే శిలీంధ్రం నిజమే. చీమ చెట్టెక్కి, ఆకు ఈనెని కరిచి పట్టుకుని చచ్చిపోతుంది, తలలోంచి కాడ మొలుస్తుంది. సినిమావాళ్లు చెప్పనిది ఏంటంటే, 2017లో పరిశీలిస్తే శిలీంధ్రం చీమ కండరాలన్నిటి చుట్టూ అల్లుకుంది గానీ మెదడులోకి మాత్రం చొరబడలేదు. పైగా ఒక్కో రకం శిలీంధ్రం ఒక్కో రకం చీమకే అలవాటు పడి ఉంటుంది. చీమ నుంచి మనిషికి దూకడం మామూలు దూరం కాదు. మన ఒంటి వేడి 37 డిగ్రీలు కూడా చాలా శిలీంధ్రాలకి పడదు.

మా రైతుకి నిజమైన రాక్షసి మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. 2021-22లో నల్ల తామర పురుగు పూతలో దూరి మిరప చేలకి చేలే ఊడ్చేసింది. పువ్వు విప్పి తెల్ల కాగితం మీద దులిపితే నల్లగా గీతల్లాంటివి పాకేవి. కొట్టని మందు లేదు. అప్పుడు రైతు మొహం చూసినవాడికి ఏ గాడ్జిల్లా ఆనదు.

మిర్చి గుమాస్తా | గుంటూరు

లాం వారూ, మిరప మాటెత్తారు కాబట్టి. మా యార్డులోకి జాంబీలు వస్తే ఏమవుతుందని మా కుర్రాళ్లు పందెం వేసుకున్నారు. సీజన్లో తేజ రకం మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, విప్పి కలియదిప్పుతుంటే కొత్తవాడు గేటు దగ్గరే దగ్గి తుమ్మి కళ్లు నలుపుకుంటాడు. జాంబీ పారిపోతుందా?

పీజీ రెండో ఏడాది

పారిపోదండి. ఘాటు తెలియాలంటే నరం పనిచెయ్యాలి, దగ్గాలంటే ఊపిరి పీల్చాలి. శవానికి రెండూ లేవు. రీలు గారు చెప్పిన బతికున్న రకమైతే మాత్రం మీ యార్డు దాటి రాలేవు.

మిర్చి గుమాస్తా

అయితే పందెం నేనే గెలిచా. ముందే అడిగా, చచ్చినవా బతికినవా అని.

లోడ్ డిస్పాచ్ | విజయవాడ

కరెంటు. ఊరంతా ఖాళీ అయి వారాలు గడిచినా సినిమాలో వీధి దీపాలు వెలుగుతుంటాయి. గ్రిడ్ అంటే క్షణక్షణం వాడకానికి సరిపడా ఉత్పత్తి సర్దుతూ 50 హెర్ట్జ్ దగ్గర నిలబెట్టడం. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు మారకపోతే, బొగ్గు బంకర్లు నింపేవాడు లేకపోతే యూనిట్లు గంటల్లో ఒకదాని వెంట ఒకటి ట్రిప్ అవుతాయి. ఒకటి పడితే మిగతావాటి మీద ఒత్తిడి. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాదిన గ్రిడ్ ఎలా కుప్పకూలిందో గుర్తుందిగా, అదీ కంట్రోల్ రూముల్లో అందరూ ఉండగానే. మళ్లీ లేపాలంటే సాగర్, శ్రీశైలం లాంటి జలవిద్యుత్ యూనిట్లతో మొదలుపెట్టాలి.

"మా డాబా మీద సోలార్ ఉంది" అనేవాళ్లకి ఒక చేదు వార్త. గ్రిడ్‌కి కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టర్, లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా అలా పెట్టారు. బ్యాటరీ ఉన్న రకం అయితేనే పనికొస్తుంది. జాంబీలు రాకపోయినా ఇది తెలుసుకుని కొనుక్కోండి.

పశువుల డాక్టర్ | మంగళగిరి

కాటు పడ్డ పన్నెండు సెకన్లకే కళ్లు ఎర్రబడి మీదపడతారు. ఒంట్లో రక్తం ఒక చుట్టు తిరిగి రావడానికే నిమిషం దాకా పడుతుంది. కాలి మడమ మీద కరిస్తే మెదడుకి ఎలా చేరింది, వాట్సాప్‌లోనా? కాటుతో అంటి బుర్ర పాడుచేసే జబ్బు మన దగ్గర నిజంగానే ఉంది, రేబిస్. ఆ వైరస్ నరం వెంట పాకుతూ పోతుంది కాబట్టి లక్షణాలు రావడానికి మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు. ఆ వ్యవధి ఉంది కాబట్టే టీకా కాపాడగలుగుతోంది. లక్షణాలు వచ్చాక మాత్రం బతకడం దాదాపు లేదు. కుక్క కరిస్తే పసుపు, కారం అద్దకుండా పదిహేను నిమిషాలు ధారగా పారే నీళ్లలో సబ్బుతో కడిగి, ఆ రోజే ఇంజక్షన్‌కి వెళ్లండి. మొదటిదాంతో ఆపేసేవాళ్లని చూస్తే నాకు జాంబీలకంటే భయం.

పటమట పిల్ల

డాక్టరుగారూ, మరి కాటు దాచుకునేవాడి సంగతి? ప్రతి సినిమాలో ఒకడు చొక్కా చెయ్యి కిందికి లాక్కుని "నాకేం కాలేదు" అంటాడు. నాకైతే అంతకంటే దిక్కుమాలిన సీను లేదు.

ఐసీయూ సిస్టర్

అమ్మాయ్, అన్నిట్లోకీ నిజమైన సీను అదే. 2020లో చూశాం కదా. దగ్గు దాచి పెళ్లికెళ్లినవాళ్లు, జ్వరం బిళ్ల వేసుకుని టెంపరేచర్ గన్ ముందు నిలబడ్డవాళ్లు, ఇంటి ముందు బారికేడ్ కడతారని టెస్టుకే రానివాళ్లు. చెడ్డవాళ్లు కాదు, నలుగురిలో వేరుచేస్తారని భయం. సినిమాలో ఆ మనిషిని విలన్‌లా చూపించడమే నాకు నచ్చదు.

సింగ్‌నగర్ వాసి | విజయవాడ

ఇందాకటి నుంచి చదువుతున్నా. పెట్రోల్, ఎముకలు అన్నీ సరే. నాకు మింగుడుపడనిది, కరెంటు పోయిన మూడో రోజుకే పక్కింటివాడు పక్కింటివాణ్ణి పొడిచేస్తాడని చూపించడం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగుకి గండ్లు పడి మా ఏరియా మునిగినప్పుడు ఆ పరీక్ష రాసేశాం. కింద అంతస్తులో పీకల్లోతు నీళ్లు. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, తాగే నీళ్లు లేవు. సినిమా ప్రకారం మేం ఒకర్నొకరు తినేయాలి.

జరిగింది ఏంటంటే, కింద పోర్షన్ వాళ్లంతా మా డాబా మీదికొచ్చారు. అప్పటిదాకా పార్కింగ్ దగ్గర మొహాలు చూసుకోని రెండిళ్లవాళ్లు ఒకే గ్యాస్ బండ మీద అన్నం వండారు. ఎదురు వీధి కుర్రాళ్లు థర్మోకోల్ షీట్లు, ట్యూబులు కట్టి ముసలాళ్లని తోసుకుంటూ తీసుకెళ్లారు. ఒక బాలింత ఉంటే పాల ప్యాకెట్లు ముందు ఆ డాబాకే విసిరారు. పైనుంచి హెలికాప్టర్లు, డ్రోన్లు పొట్లాలు దించాయి. డ్రోన్ వంగి దించుతుంటే పిల్లలు ఈలలు. పడవకి వేలు అడిగినవాడు లేడా అంటే ఉన్నాడు. ఖాళీ ఇంట్లో దూరినవాడూ ఉన్నాడు. కానీ వాళ్లు కొందరే, అన్నం పంచినవాళ్లు లెక్కలేనంత మంది. నీళ్లు తీశాక ఫైరింజన్లు వచ్చి ఇళ్లలో బురద కడిగాయి, అప్పుడు మాత్రం వరస కోసం కొట్టుకున్నాం.

విపత్తుల్లో జనం ఎలా నడుచుకుంటారో చదివిన క్వారంటెల్లీ లాంటి పండితులు కూడా, వెర్రి భయంతో తొక్కేసుకోవడం అరుదనే చెప్పారు. సినిమావాళ్లు ఒక్కసారి మా డాబా ఎక్కి ఉంటే బాగుండేది.

రీలు పిచ్చోడు

అన్నా, దాంట్లో గొడవ లేకపోతే కథేది? రెండు గంటలు అన్నం పంచితే ఎవరు చూస్తారు?

సింగ్‌నగర్ వాసి

గొడవ లేదని ఎవరన్నారు? ఆఖరి నీళ్ల క్యాన్ బాలింతకా, డయాలిసిస్ పెద్దాయనకా అని మా డాబా మీద అరగంట వాదన. ఇద్దరి తరఫునా మాట్లాడింది మంచివాళ్లే. కత్తి అక్కర్లేకుండా అంత టెన్షన్ ఏ సినిమాలో చూశారో చెప్పండి.

చందమామ పాఠకుడు | గుంటూరు

భుజాన శవం, శవంలో బేతాళుడు. మనం చిన్నప్పటి నుంచి చదువుకున్నదే. ఎప్పుడూ "నమ్మశక్యంగా లేదు" అనలేదేం? ఎందుకంటే అక్కడ నియమం ఒక్కటే, అది తప్పలేదు. రాజు మౌనం వీడితే శవం చెట్టెక్కాలి, ఎక్కింది. ఇప్పటి సినిమాలో మొదటి సగం జాంబీకి చప్పుడే ఆధారం, గాజు పగిలితే వందలు వస్తాయి. రెండో సగంలో హీరో హీరోయిన్ అరుచుకుంటూ విడిపోతుంటే ఒక్కటీ రాదు. శవం లేవడం అబద్ధం కాదు నాకు, ఇదే అబద్ధం.

పటమట పిల్ల

తాతగారూ, దండం. ఇంతకీ మన తెలుగులో జాంబీ రెడ్డి వచ్చి చాన్నాళ్లయింది, 2021 కదా. అది సీమ కథ. మన కృష్ణా, గుంటూరు వైపు ఎవరూ తియ్యరేం?

గుంటూరు మావ

తీస్తే జాంబీలు బెజవాడలోనే పుట్టాలి, మాకు అనుమానం లేదు. మా వైపు రాకుండా ఆపొచ్చా లేదా అన్నదే పాయింటు. మధ్యలో కృష్ణ ఉంది కదా. ప్రకాశం బ్యారేజీ, వారధి, రైలు వంతెనలు, పడమటి బైపాస్ కొత్త వంతెన. వీటికి అడ్డం కడితే మేం సేఫ్.

గేట్ల ఏఈ | సీతానగరం

మావగారూ, ఎండాకాలంలో బ్యారేజీ దిగువన వంతెనలతో పనేముంది? ఇసకలో నడిచి వచ్చేస్తారు. అడుగు తడిస్తే గొప్ప. వరద రోజుల్లో అయితే ఏ కంచే అక్కర్లేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లినప్పుడు కొట్టుకొచ్చిన పడవలే గేట్ల కౌంటర్ వెయిట్లు పగలగొట్టి ఇరుక్కుపోయాయి, వాటిని తియ్యడానికి తల ప్రాణం తోకకొచ్చింది. జాంబీలు బందరు దాకా ఆగవు.

కాకపోతే మీరు మరిచిపోయింది ఒకటుంది. 70 గేట్లు వాటంతటవి లేవవు. ఎగువ నుంచి ఎంత వస్తోందో ఫోన్లో చెప్పేవాడు ఒకడు, మోటార్ దగ్గర నిలబడి ఎత్తేవాడు ఒకడు ఉండాలి. వానాకాలంలో ఆ ఇద్దరూ పారిపోయారంటే జాంబీలకంటే ముందు నీళ్లొస్తాయి, రెండు గట్లకీ.

గుంటూరు మావ

అయితే ఆ ఇద్దర్నీ ముందు కాపాడండి. అన్నం క్యారియర్ మా ఇంటి నుంచి పంపిస్తా.